క్వెరీ సర్వీసును వేరుపెట్టాలా?

కౌచ్‌బేస్ క్లస్టర్‌లో కొత్త నోడ్‌ను చేర్చేటప్పుడు తెర మీద ఒక చిన్న జాబితా వస్తుంది. డేటా, ఇండెక్స్, క్వెరీ, సెర్చ్ అని పేర్లు, ఒక్కోదాని పక్కన ఒక్కో గడి. ఆ నోడ్ ఏ పనులు చేయాలో టిక్ పెట్టి చెప్పాలి. 2015 అక్టోబరులో 4.0 వెర్షన్ వచ్చేదాకా ఈ ప్రశ్నే లేదు. అంతవరకు నోడ్‌లన్నీ ఒకే రకం, అన్నీ అన్ని పనులూ చేసేవి. ఎస్‌క్యూఎల్‌ను పోలిన ఎన్1క్యూఎల్ భాష ఆ వెర్షన్‌తోనే పూర్తిస్థాయిలో వచ్చింది. ఏ పని ఏ నోడ్ మీద జరగాలో విడగొట్టుకునే వీలూ దానితోపాటే వచ్చింది. తొందరలో ఉన్న టీములు అన్ని గడుల్లోనూ టిక్ పెట్టేసి ముందుకు పోతుంటాయి. ఒకసారి పెట్టిన టిక్‌ను అదే నోడ్ మీద మార్చుకోవడం చాలా వెర్షన్లలో కుదరదు. నోడ్‌ను క్లస్టర్ నుంచి తీసేసి మళ్లీ చేర్చుకోవాలి. అందుకే ఆ అర నిమిషం నిర్ణయం ఏళ్ల తరబడి వెంట ఉండిపోతుంది.

క్వెరీ సర్వీసును డేటా పక్కనే ఉంచాలా, వేరే మెషీన్ల మీదికి మార్చాలా అన్న దాని మీద రెండు వాదాలున్నాయి. రెండూ బలమైనవే. ఇక్కడ ఆ వాదాల తరఫున ఇద్దరు మాట్లాడతారు. ఒకరు ఆర్కిటెక్ట్, నెలాఖరున క్లౌడ్ బిల్లుకు జవాబు చెప్పాల్సిన మనిషి. రెండోవారు డీబీఏ, రాత్రి రెండింటికి అలారం మోగితే లేచేది ఆమె. వయసులో ఆయన పెద్ద, ఆమెకు అన్న. వాళ్ల ముందున్న క్లస్టర్ వాదన కోసం అనుకున్నది: హైదరాబాద్ నుంచి ఆంధ్ర ఊళ్లకు బస్సు టికెట్లు అమ్మే ఒక సంస్థది. ఫలానా సీటు ఖాళీగా ఉందా, ఉంటే పట్టుకో అనే పని కీ-వాల్యూ పద్ధతిలో నేరుగా డేటా సర్వీసుతో జరుగుతుంది. శుక్రవారం సాయంత్రం ఆరు తర్వాత విజయవాడ వెళ్లే ఏసీ స్లీపర్లను ధర వరసలో చూపించు అనే వెతుకులాట క్వెరీ సర్వీసుకు వెళ్తుంది. నోడ్‌లు మూడు. సంక్రాంతి దగ్గరపడుతోంది.

ఆర్కిటెక్ట్ మొదలుపెట్టాడు. "మూడింటి మీదా డేటా, ఇండెక్స్, క్వెరీ మూడు సర్వీసులూ పెట్టేద్దాం. లెక్క ఎప్పుడూ డేటా దగ్గరే జరగాలమ్మా. ఇరవై ఏళ్ల కింద గూగుల్ వాళ్లు మ్యాప్‌రెడ్యూస్ రాసినా, తర్వాత హడూప్ వచ్చినా అందరూ పట్టుకున్న సూత్రం అదే. డేటాను మోసుకెళ్లడం కన్నా ప్రోగ్రామును డేటా దగ్గరికి పంపడం చవక."

"ఆ రోజుల్లో అది నిజమే అన్నా. 2004 నాటి ఆ పత్రంలోని మెషీన్లకు నెట్‌వర్క్ సెకనుకు 100 మెగాబిట్లో, మహా అయితే 1 గిగాబిటో. 1 గిగాబిట్ అంటే సుమారు 125 మెగాబైట్లు, ఒక్క హార్డ్‌డిస్క్ చదివే వేగం. ఇప్పుడు 10, 25 గిగాబిట్లు మామూలైపోయాయి. అయినా నా అభ్యంతరం నెట్‌వర్క్ వేగం మీద కాదు. కౌచ్‌బేస్‌లో క్వెరీని డేటా పక్కన పెట్టినా అది డేటా పక్కన ఉన్నట్టు కాదు."

"అదెలా?"

ఆమె బోర్డు మీద మూడు గళ్లు గీసింది. కౌచ్‌బేస్ ప్రతి బకెట్‌నూ చాలా వెర్షన్లలో మామూలుగా 1024 ముక్కలు చేస్తుంది, వాటిని వీబకెట్లు అంటారు. డాక్యుమెంట్ కీ మీద సీఆర్‌సీ32 లెక్క కట్టి అది ఏ ముక్కలో పడాలో తేలుస్తారు. ఆ ముక్కలు నోడ్‌ల మధ్య సమానంగా పంచి ఉంటాయి. విజయవాడ బస్సులన్నీ ఒకచోట, తిరుపతి బస్సులన్నీ మరోచోట అని ఉండదు. ఎంత పక్కపక్క కీలైనా ఎటు పడతాయో చెప్పలేం. అప్లికేషన్ వైపున ఉండే ఎస్‌డీకే, క్వెరీని పంపేటప్పుడు డేటా ఏ నోడ్ మీద ఉందో చూడదు. క్వెరీ నోడ్‌ల మీదుగా భారాన్ని పంచుతూ ఏదో ఒకదానికి పంపేస్తుంది. అది పట్టుకున్న నోడ్‌లో కావలసిన డాక్యుమెంట్లలో సగటున మూడో వంతే ఉంటాయి. మిగిలిన రెండు వంతులూ నెట్‌వర్క్ దాటి రావలసిందే.

"ఆరు నోడ్‌లైతే ఆరో వంతు, పదైతే పదో వంతు," అంది ఆమె. "క్లస్టర్ పెరిగేకొద్దీ మీరు చెప్పే దగ్గరితనం కరిగిపోతుంది. హడూప్‌లో ఫైల్ బ్లాక్ ఎక్కడుందో చూసి పనిని అక్కడికే పంపుతారు. ఇక్కడ ఆ ఏర్పాటు లేదు."

ఈ లెక్క దగ్గర ఆగాలి. డేటా పక్కనే ఉంటే వేగం అనే మాట చాలా సమావేశాల్లో రుజువు అడగకుండానే చెల్లిపోతుంది. అది ఏ డేటాబేస్‌కు ఎంతవరకు వర్తిస్తుందో డేటాను పంచే పద్ధతి చూశాకే చెప్పగలం. హ్యాష్‌తో పంచే చోట, క్వెరీ మొత్తాన్ని ఒకే నోడ్ నడిపే చోట, పక్కన ఉండటం వల్ల కలిసొచ్చేది చాలా తక్కువ.

ఆర్కిటెక్ట్ ఆ మాట ఒప్పుకున్నాడు గానీ వాదన వదల్లేదు. "సరే, దగ్గరితనం పక్కన పెట్టు. డేటా సర్వీసుకు కావలసింది ర్యామ్. క్వెరీ సర్వీసుకు కావలసింది సీపీయూ. రెండిటినీ ఒక మెషీన్‌లో పెడితే ఒకటి వాడనిది ఇంకొకటి వాడుకుంటుంది. విడగొడితే డేటా నోడ్‌లో కోర్లు ఖాళీ, క్వెరీ నోడ్‌లో ర్యామ్ ఖాళీ. రెండు చోట్లా డబ్బు కట్టేది మనమే."

"క్లౌడ్‌లో ఆ కష్టం లేదన్నా. ఏడబ్ల్యూఎస్‌లో ఆర్ రకం మెషీన్లలో వీసీపీయూకు 8 జీబీ ర్యామ్, ఎం రకంలో 4, సీ రకంలో 2. డేటాకు ఆర్ తీసుకుంటాం, క్వెరీకి సీ తీసుకుంటాం. అన్నీ కలిపి పెట్టాలంటే మధ్యరకం ఎం తీసుకోవాలి, లేదా ఆర్‌లోనే పెద్దది తీసుకోవాలి. అది ఏ ఒక్కదానికీ సరిపోయిన కొలత కాదు. నా భయం వేరే ఉంది."

ఆమె భయం లైనక్స్ కెర్నెల్ లాగ్‌లో ఒక్క వరసలో ఉంటుంది. డీమెసేజ్ తెరిస్తే కనిపించే ఆ వరస 'అవుట్ ఆఫ్ మెమరీ' అని మొదలై, చంపిన ప్రాసెస్ పేరు చెబుతుంది. కౌచ్‌బేస్ నోడ్ మీద డేటా సర్వీసు మెమ్‌క్యాష్‌డీ అనే ప్రాసెస్‌గా నడుస్తుంది. దానికి మెమరీ కోటా ఉంటుంది, ఆ హద్దులోనే అది డాక్యుమెంట్లను ర్యామ్‌లో పెట్టుకుంటుంది. ఇండెక్సర్‌కూ కోటా ఉంటుంది. క్వెరీ సర్వీసు సీబీక్యూ-ఇంజిన్ అనే ప్రాసెస్. గో భాషలో రాసింది. క్లస్టర్ పెట్టేటప్పుడు దానికి కోటా అడిగేవారే కాదు. చాలాకాలం అది అడిగినంత తీసుకునేది. ఎవరో ఒక పెద్ద రిపోర్టు నడుపుతారు. లక్షల వరసలు, వాటి మీద గ్రూప్ బై, ఆర్డర్ బై. ఆర్డర్ బై అంటే చివరి వరస చేతికి వచ్చేదాకా మొదటి వరస బయటికి పంపలేదు. అన్నిటినీ పోగు చేసుకోవాలి. సీబీక్యూ-ఇంజిన్ ఉబ్బుతుంది. ర్యామ్ అయిపోతుంది. కెర్నెల్ ఎవరినో ఒకరిని చంపాలి.

"ఎవరిని చంపుతుందో తెలుసా అన్నా? తప్పు చేసినవాణ్ని కాదు, ఎక్కువ ర్యామ్ పట్టుకున్నవాణ్ని. మార్కులు ప్రధానంగా దాన్నిబట్టే వేస్తుంది. కలిపి పెట్టిన నోడ్‌లో ఎక్కువ ర్యామ్ మెమ్‌క్యాష్‌డీదే. రిపోర్టు నడిపిన ప్రాసెస్ బతుకుతుంది, సీట్లు మోస్తున్న ప్రాసెస్ పోతుంది. అది మళ్లీ లేస్తుంది, కాదనను. కానీ లేచాక డిస్క్ నుంచి డేటాను ర్యామ్‌లోకి ఎక్కించుకోవాలి. ఆ వార్మప్ అయ్యేదాకా మన బస్సుల్లో మూడో వంతు సీట్లకు జవాబు ఉండదు. ఆలస్యమై ఆటో ఫెయిలోవర్ గడువు దాటితే, మామూలు సెట్టింగ్‌లో అది 120 సెకన్లు, నోడే క్లస్టర్ బయటికి పోతుంది. ఒకే బోరు మీద రెండు మోటార్లు పెట్టి, ఒకదానికి వాల్వ్ బిగించి రెండోదాన్ని వదిలేసినట్టు ఉంటుంది."

ఆర్కిటెక్ట్ దీనికి సిద్ధంగానే ఉన్నాడు. "వాల్వ్ వచ్చింది కదమ్మా! 2021లో 7.0 వచ్చినప్పటి నుంచి ఒక్కో క్వెరీకి మెమరీ కోటా పెట్టుకోవచ్చు. టైమౌట్ ఎప్పటినుంచో ఉంది. రెండూ గట్టిగా బిగిస్తే నీ రిపోర్టు దారిలోనే ఆగిపోతుంది. ఒక సెట్టింగ్‌తో పోయే జబ్బుకు రెండు మెషీన్లు కొనమంటావా?"

"ఆ కోటా ఏం లెక్కపెడుతుందో చదివారా? క్వెరీ నడుస్తుండగా చేతిలో ఉన్న డాక్యుమెంట్ల మెమరీని మాత్రమే. మిగతా అవసరాలకు ప్రాసెస్ వాడేది అందులోకి రాదు. పైగా అది ఒక్క క్వెరీకి హద్దు. అలాంటివి ఒకేసారి వంద వస్తే వంద హద్దులూ కలిసి ఎంతవుతుంది?"

"ఎన్ని ఒకేసారి నడవాలో దానికీ సెట్టింగ్ ఉంది."

"ఉంది. దాన్ని తగ్గిస్తే వెతుకులాటలు క్యూలో నిలబడతాయి. డేటాను కాపాడటానికి క్వెరీని తొక్కిపెట్టాలి. వేరుపెడితే ఆ బేరం పెట్టుకోనక్కర్లేదు."

ఇక్కడ ఆమెదే పైచేయి. ఎందుకంటే ఈ రెండు సర్వీసులు పడిపోతే జరిగే నష్టం ఒకటి కాదు. క్వెరీ సర్వీసు తన దగ్గర డేటా ఏదీ దాచుకోదు. చస్తే కొన్ని సెకన్లలో లేస్తుంది, నడుస్తున్న క్వెరీలు పోతాయి, ఎస్‌డీకే మిగిలిన నోడ్‌లకు వెళ్తుంది. డేటా సర్వీసు అలా కాదు. దాని ఒళ్లో ఉన్నది రాష్ట్రం నలుమూలలకూ వెళ్లే జనం పట్టుకున్న సీట్లు. త్వరగా కోలుకునేదానికి, నెమ్మదిగా కోలుకునేదాన్ని పడగొట్టే వీలు ఇవ్వకూడదు. సర్వీసులను ఎక్కడ పెట్టాలి అన్న చర్చలో వేగం కన్నా ముందు అడగాల్సింది ఇదే. అయినా చాలా టీములు వేగం దగ్గరే ఆగిపోతాయి.

ఆర్కిటెక్ట్ ఈసారి బిల్లు తీశాడు. ఏడబ్ల్యూఎస్ హైదరాబాద్ రీజియన్ 2022 నవంబరులో మొదలైంది. అందులో మూడు అవైలబిలిటీ జోన్లు. జోన్ దాటే ట్రాఫిక్‌కు జీబీకి పంపే వైపు ఒక సెంటు, అందుకునే వైపు ఒక సెంటు. "క్వెరీని వేరుపెడితే ప్రతి డాక్యుమెంటూ నెట్‌వర్క్ మీద నడవాలి. నువ్వు చెప్పిన వెతుకులాటే తీసుకో. తేదీ మీద ఒక్క ఇండెక్స్ ఉంది. ఆ రోజు డాక్యుమెంట్లు 50,000 అనుకో, ఒక్కోటి 2 కేబీ. ఒక్క క్వెరీకి 100 ఎంబీ. సెకనుకు ఒకటి చొప్పున నడిచినా రోజుకు 8,640 జీబీ. ఎంత అవుతుందో చూడు."

"చూద్దాం. కలిపి పెడితే నోడ్‌కు ఒక జోన్. మూడో వంతు సొంత నోడ్‌లో దొరుకుతుంది, రెండు వంతులు జోన్ దాటుతాయి. 5,760 జీబీ, రెండు సెంట్ల లెక్కన రోజుకు 115 డాలర్లు. వేరుపెడితే? క్వెరీ నోడ్ ఏ జోన్‌లో ఉన్నా ఆ జోన్‌లోని డేటా నోడ్‌లో మూడో వంతు ఉంటుంది. అది నెట్‌వర్క్ మీద నడిచినా అదే జోన్ కాబట్టి డబ్బు లేదు. రెండు వంతులు జోన్ దాటుతాయి. మళ్లీ 115 డాలర్లే. తేడా ఎక్కడుందన్నా?"

ఆయన లెక్కను పైనుంచి కిందికి మళ్లీ చూశాడు. తేడా లేదు. అయితే ఆ కాగితం మీదే ఆయనకు అసలైన ఆయుధం దొరికింది.

"తేడా లేదు, ఒప్పుకుంటున్నా. కానీ ఈ 115 డాలర్లు రెండు ఏర్పాట్లలోనూ పోతున్నాయంటే రోగం ఏర్పాటులో లేదు. 50,000 డాక్యుమెంట్లు తెచ్చి, అందులోంచి 40 బస్సులు చూపిస్తున్నాం. కొండను తవ్వి ఎలుకను పట్టడం. నువ్వు అడుగుతున్నది కొండ తవ్వడానికి ఇంకో రెండు యంత్రాలు."

మాట కటువే, కానీ నిజం. ఇద్దరూ కలిసి ఆ క్వెరీని ప్రొఫైల్ పెట్టి నడిపి చూస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. కౌచ్‌బేస్ ప్రొఫైల్‌లో ప్రతి దశకూ అంకెలుంటాయి: ఇండెక్స్ స్కాన్ ఎన్ని కీలు ఇచ్చింది, ఫెచ్ ఎన్ని డాక్యుమెంట్లు తెచ్చింది, ఫిల్టర్ దాటినవి ఎన్ని. వాటి పక్కనే మూడు సమయాలు. ఎగ్జిక్‌టైమ్ అంటే ఆ దశ స్వయంగా పనిచేసిన సమయం. సర్వ్‌టైమ్ అంటే మరో సర్వీసు జవాబు కోసం చూసిన సమయం. కెర్న్‌టైమ్ అంటే తన వంతు కోసం, ముందూ వెనకా ఉన్న దశల కోసం ఆగిన సమయం. సర్వీసు ఎక్కడుండాలి అన్న వాదనలో పనికొచ్చే సాక్ష్యం ఈ మూడు అంకెల్లోనే ఉంది. అభిప్రాయాలతో గంటలు గడిపే ముందు వీటిని చూడటం న్యాయం.

ఫెచ్ దగ్గర సర్వ్‌టైమ్ కొండంత ఉండి, తెచ్చిన డాక్యుమెంట్లకూ చివరికి మిగిలినవాటికీ పొంతన లేకపోతే, అది ఇండెక్స్ లోపం. క్వెరీ నోడ్‌ను ఎక్కడికి మార్చినా ఆ సమయం తగ్గదు. రద్దీ లేనప్పుడూ ఉన్నప్పుడూ అదే క్వెరీని నడిపి చూసినప్పుడు, సర్వ్‌టైమ్ అలాగే ఉండి ఎగ్జిక్‌టైమ్, కెర్న్‌టైమ్ మాత్రం పెరిగితే, అది క్వెరీ వైపు సీపీయూ చాలకపోవడం. అప్పుడు క్వెరీ నోడ్‌లు కావాలి. ఇంకొకటి కూడా ఉంది. ఏ క్వెరీ లేని మామూలు కీ-వాల్యూ పిలుపు రద్దీలో నెమ్మదిస్తే, క్వెరీ సర్వీసు పొరుగింటిని ఇబ్బంది పెడుతోందని అర్థం. ఆ చివరి సూచన కనబడితే వేరుపెట్టడానికి ఇంకే కారణమూ అక్కర్లేదు.

"ఇండెక్స్ నా పనే, ఒప్పుకుంటాను," అంది డీబీఏ. "బయలుదేరే ఊరు, చేరే ఊరు, తేదీ, బస్సు రకం, ధర, సమయం అన్నీ ఒకే ఇండెక్స్‌లో పెడదాం. వెతుకులాట తెర మీద చూపించేవి కూడా అవే. అప్పుడు జవాబు మొత్తం ఇండెక్స్‌లోనే దొరుకుతుంది, ఫెచ్ దశే ఉండదు."

"కవరింగ్ ఇండెక్స్."

"అవును. అప్పుడు డేటా నోడ్‌ల వైపు చూడాల్సిన పనే లేదు. మరి డేటా పక్కనే ఉండాలన్న మీ మొదటి మాట ఏమైంది?"

ఆయన దీన్ని ఓటమిగా తీసుకోలేదు. ఫెచ్ లేని క్వెరీకి దగ్గరి చుట్టం డేటా సర్వీసు కాదు, ఇండెక్స్ సర్వీసు. 5.5 వెర్షన్ నుంచి గ్రూపులు కట్టడం, లెక్క కూడటం వంటి పనులను కూడా చాలా సందర్భాల్లో ఇండెక్సరే చేసి ఇస్తుంది. అందుకని ఆయన మూడో దారి చెప్పాడు: డేటా మూడు నోడ్‌ల మీద ఒంటరిగా, ఇండెక్స్, క్వెరీ కలిపి రెండు నోడ్‌ల మీద.

ఈ దారికి పోయేముందు ఇతరుల సంగతి కొంత. టైడీబీలో ఎస్‌క్యూఎల్ చూసే టైడీబీ సర్వర్, డేటా దాచే టైకేవీ మొదటినుంచీ వేర్వేరు ప్రాసెస్‌లు. అయినా వడపోత, కూడిక వంటి పనులను అది టైకేవీ దగ్గరికే పంపుతుంది. కాక్రోచ్‌డీబీ దీనికి పూర్తిగా ఎదురు: ఒకే ప్రోగ్రాము, ప్రతి నోడూ అన్నీ చేస్తుంది. కసాండ్రాలో ఏ నోడైనా పిలుపు అందుకుంటుంది, డ్రైవర్ టోకెన్ చూసి డేటా ఉన్న నోడ్‌కే నేరుగా పంపగలదు. మాంగోడీబీలో మాంగోస్ అనే రూటర్‌ను డేటా పక్కన కాక అప్లికేషన్ సర్వర్ మీదే పెట్టడం మామూలు. ఇన్ని దారులూ పనిచేస్తున్నాయి. ఒకరి దారి చూపించి మరొకరిని ఒప్పించడం కుదరదు, ఎందుకంటే డేటా పంచే పద్ధతీ, క్వెరీ నడిపే పద్ధతీ ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయి.

డీబీఏ మూడో దారిని వెంటనే ఒప్పుకోలేదు. "నేను డేటా గురించి భయపడిందే ఇండెక్సర్‌కూ జరుగుతుంది. క్వెరీ ఉబ్బితే కెర్నెల్ ఈసారి ఇండెక్సర్‌ను చంపుతుంది."

"చంపనీ. ఇండెక్స్‌కు రెండో నోడ్ మీద నకలు ఉంటుంది. ఆ సమయంలో వెతుకులాట మందగిస్తుంది. సీటు పట్టుకోవడం ఆగదు, డబ్బు కట్టినవాడి టికెట్ పోదు. ముందు కాపాడాల్సింది సీటు అన్నది నువ్వే కదా."

ఆమె కాసేపు ఆలోచించి తలూపింది. ఆమె వాదనతోనే ఆమెను ఒప్పించాడు. ఈ ఏర్పాటు అందరికీ కాదని ఇద్దరికీ తెలుసు. ఇండెక్స్ పెద్దదై ర్యామ్ అంతా తానే పట్టుకునే చోట ఈ రెండూ మళ్లీ విడిపోవాల్సిందే.

చిన్న క్లస్టర్ల మాట వచ్చినప్పుడు ఆర్కిటెక్ట్ గట్టిగా నిలబడ్డాడు, నిలబడాల్సిందే కూడా. "కమ్యూనిటీ ఎడిషన్ వాడే కుర్రాళ్లకు ఈ చర్చే అక్కర్లేదు. అందులో క్వెరీని ఒంటరిగా ఒక నోడ్ మీద పెట్టనివ్వరు. డేటా ఒక్కటీ పెట్టుకోవచ్చు, లేదా డేటా, ఇండెక్స్, క్వెరీ కలిపి పెట్టుకోవాలి. 7.0 నుంచి నోడ్‌లు కూడా అయిదుకు మించకూడదు. ఇక ఎంటర్‌ప్రైజ్‌లో నోడ్ పెరిగితే మెషీన్ అద్దె ఒక్కటే కాదు, చందా కూడా పెరుగుతుంది. రోజుకు కొన్ని వేల వెతుకులాటలు నడిపే సంస్థకు విడగొట్టమని చెప్పడం నాకు సబబు అనిపించదు."

"వాళ్లకు నేనూ చెప్పను. మూడు నోడ్‌లు కలిపి పెట్టుకోండి, ర్యామ్ కోటాలు వేసేటప్పుడు క్వెరీకి కొంత వదిలిపెట్టండి, టైమౌట్ పెట్టండి అంటాను. కోటా వేసేటప్పుడు మెషీన్‌లో ఉన్న ర్యామ్ మొత్తాన్ని డేటాకు రాసిచ్చేస్తారు చూడండి, అక్కడే మునుగుతారు. కానీ మనది ఏడాది పొడవునా ఒకేలా ఉండే వ్యాపారం కాదు. సంక్రాంతికి వెతుకులాటలు ఎన్నో రెట్లవుతాయి. సీట్ల సంఖ్య మాత్రం దాదాపు అంతే, స్పెషల్ బస్సులు వేసినా డేటా అంత పెరగదు. పెరిగేది క్వెరీ ఒక్కటే. అన్నీ కలిపి పెట్టిన క్లస్టర్‌లో క్వెరీ బలం పెంచాలంటే ఇంకో పూర్తి నోడ్ చేర్చాలి. రీబ్యాలెన్స్ మొదలవుతుంది, వీబకెట్లు ఒక నోడ్ నుంచి ఇంకో నోడ్‌కు కదులుతాయి. రద్దీ ముంచుకొస్తున్న వారంలో డేటాను కదపాలి. పండగ అయ్యాక తీసేయాలంటే మళ్లీ కదపాలి. క్వెరీ ఒక్కటే ఉన్న నోడ్ చేర్చితే కదలాల్సిన డేటా లేదు. నిమిషాల్లో లోపలికి వస్తుంది, నిమిషాల్లో బయటికి పోతుంది."

ఈ ఒక్క కారణం చాలు అనిపించే మాట ఇది. క్వెరీ సర్వీసు దగ్గర దాచుకున్నది ఏదీ లేకపోవడం వల్ల దాన్ని కావాలన్నప్పుడు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. దాన్ని డేటాతో కలిపి కట్టేస్తే ఆ వెసులుబాటు మొత్తం పోతుంది. విడిగా ఉన్నందుకు కట్టే అద్దెకు బదులుగా దొరికేది ఇదే. అవసరం ఏడాదంతా ఒకేలా ఉన్నవారికి దీని విలువ తక్కువ, పండగలకూ పరీక్షా ఫలితాలకూ ఉబ్బే వ్యాపారాలకు చాలా ఎక్కువ.

ఆర్కిటెక్ట్ దీన్ని తన లెక్కల్లోకి మార్చుకున్నాడు. "అయితే ఏడాదంతా రెండు. సీజన్‌లో మూడోది, అందులో క్వెరీ ఒక్కటే, ఇండెక్స్ వద్దు. కనుమ వెళ్లగానే తీసేద్దాం."

"రెండు అంటే ఒకటి పోయినప్పుడు రెండోదే మొత్తం మోయాలి. అంటే మామూలు రోజున ఏదీ సగానికి మించి నిండకూడదు. మూడైతే ఒక్కోటి మూడింట రెండు వంతుల దాకా నిండనివ్వచ్చు. సీజన్‌లో మూడోది తప్పనిసరి. అది మూడో జోన్‌లో ఉండాలి."

"జనవరి మొదటి వారంలో చేర్చుదాం."

"అది ఆలస్యమన్నా. పండగ నాడు కిక్కిరిసేది బస్సులు, క్వెరీలు కాదు. సంక్రాంతి సీట్లు అమ్మకానికి తెరిచిన రోజు ఉదయం చూడండి, ఒక్కో మనిషి పది సార్లు వెతుకుతాడు. ఉన్న సీట్లు అయిపోయాక ఇంకా ఎక్కువ వెతుకుతాడు, ఎవరైనా రద్దు చేసుకున్నారేమోనని. తిరుగు ప్రయాణం టికెట్లకు అది మళ్లీ జరుగుతుంది. సీట్లు తెరిచే తేదీ ఆపరేషన్స్ వాళ్ల దగ్గర తీసుకోండి. దానికి వారం ముందు మూడో నోడ్ లోపలుండాలి. ఆ వారంలో లోడ్ పెట్టి, మూడింటిలో ఒకదాన్ని మనమే ఆపి చూడాలి."

"వారం అంటే వారం అద్దె," అన్నాడు ఆయన, క్యాలెండర్ తెరుస్తూ. "నాలుగు రోజులు చాలు."

"లోడ్ టెస్ట్‌లో కవరింగ్ ఇండెక్స్ లేని క్వెరీ ఒక్కటి బయటపడినా దాన్ని సరిచేసి మళ్లీ నడపాలి. నాలుగు చాలవు."